పెరుగన్నంలోకి ఆవకాయ కాక ఇంకేం నంజుకుంటారు? కొలతలతో చెప్పండి

ఉట్టిచట్టి

పెరుగన్నం అనగానే ఆవకాయ, మాగాయ, ఊరమిరపకాయ అంటారు. అవి కాక మామిడిపండు, అరటిపండు, బెల్లంముక్క, ఆలూ చిప్స్, మిక్చరు, అనాసపండు... జనం నంజుకునేవి చాలానే ఉన్నాయి. కొన్ని అద్భుతంగా కుదురుతాయి, కొన్ని కలిపిన కాసేపటికే పాడవుతాయి. "బాగుంటుంది" అని వదిలేయకుండా ఎంత అన్నానికి ఎంత, ఎప్పుడు కలపాలి, కలిపాక ఎంతసేపు ఆగుతుంది, ఎక్కడ చెడుతుంది అన్నవి తెలిసినవాళ్లు రాయండి.

కవ్వం

నంజుడు సంగతి తర్వాత. ముందు పెరుగు ఏ దశలో ఉందో చూసుకోవాలి, సగం జతలు చెడేది అక్కడే.

పాలు బాగా మరిగి, 40–45 డిగ్రీలకు చల్లారాక తోడు వెయ్యాలి. వేలు ముంచితే వెచ్చగా తగలాలి కానీ చురుక్కుమనకూడదు. అర లీటరు పాలకు ఒక టీస్పూను తోడు చాలు. ఎండాకాలం 4, 5 గంటల్లో, చలికాలం 8 గంటలు పైనే పట్టి తోడుకుంటుంది. గిన్నె వంచితే పెరుగు కదలకుండా నిలబడ్డప్పుడు అది కమ్మటి పెరుగు. అక్కడ ఆపి ఫ్రిజ్‌లో పెట్టకపోతే బ్యాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చుతూనే ఉంటుంది, గంట గంటకీ పులుపెక్కుతుంది.

కమ్మటి పెరుగుకి తీపి నంజుడు. పులిసిన పెరుగుకి ఉప్పూ కారం, వేపుళ్లు. పులిసిన పెరుగన్నంలో మామిడిపండు తింటే పండు చప్పగా, పెరుగు ఇంకా పుల్లగా అనిపిస్తుంది. అప్పుడు పండు మంచిది కాదంటారు. పండు మంచిదే, పెరుగు సమయం దాటిపోయింది.

మెతుకు

కవ్వం గారు పెరుగు చెప్పారు కాబట్టి నేను అన్నం చెబుతాను.

ఒక గ్లాసు బియ్యానికి మూడున్నర గ్లాసుల నీళ్లు, కుక్కరులో 5 విజిల్స్. సోనా మసూరి అయినా, మామూలు రేషన్ బియ్యమైనా మెత్తగా ఉండాలి. మూత వచ్చిన వెంటనే, వేడి మీదే పప్పుగుత్తితో మెదపాలి. చల్లారాక మెదిపితే ఉండలు కడుతుంది. అదే వేడిలో కాచిన పాలు ఒకటిన్నర గ్లాసులు పోసి కలిపి వదిలేయండి. అన్నం పాలు పీల్చుకుంటుంది. చెయ్యి పెట్టగలిగేంత గోరువెచ్చగా అయ్యాక, వెంటనే తినేదైతే ఒక గ్లాసు పెరుగు, నాలుగైదు గంటల తర్వాత తినేదైతే రెండు పెద్ద చెంచాల పెరుగు.

పొగలు కక్కే అన్నంలో పెరుగు వేస్తే రెండు నష్టాలు. 60 డిగ్రీలు దాటిన వేడికి తోడు చాలామటుకు చచ్చిపోతుంది. పెరుగు ముడుచుకుపోయి నీరు విడుస్తుంది. గిన్నె అడుగున నీళ్లు, పైన పలుకు పలుకుగా పెరుగు కనపడితే కారణం అదే.

ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగన్నం గట్టిపడటం పెరుగు తప్పు కాదు. చల్లదనానికి అన్నంలో గంజి మళ్లీ బిగుసుకుంటుంది. గోరువెచ్చటి పాలు పావు గ్లాసు పోసి పది నిమిషాలు ఆగితే మళ్లీ దారికొస్తుంది. చల్లటి పాలు పోస్తే పలచబడుతుంది కానీ మెతుకు మెత్తబడదు.

పోపులపెట్టె

మెతుకు గారి కొలతకు తాలింపు: నూనె రెండు టీస్పూన్లు, ఆవాలు అర, మినప్పప్పు ఒకటి, ఎండుమిరప రెండు, కరివేపాకు ఒక రెబ్బ, ఇంగువ చిటికెడు. నెయ్యితో వెయ్యకండి. చల్లటి పెరుగన్నంలో నెయ్యి పేరుకుని నాలుకకు అంటుకుంటుంది. నువ్వులనూనె అయితే ఇంకా మంచిది.

తీపి నంజుడు ఏది పెట్టుకున్నా తాలింపు వద్దు. ఇంగువకీ మామిడిపండుకీ పడదు.

రసాలతోట

మామిడిపండు గురించి నేను రాస్తాను, ఇందులో తప్పులు చాలా జరుగుతాయి.

పీచున్న రసం పండ్లు, అంటే చిన్నరసం, పెద్దరసం, కొయ్యకూడదు. కోస్తే పీచు పళ్లలో ఇరుక్కుంటుంది. ముచ్చిక తీసి, మొదట వచ్చే సొన నాలుగు చుక్కలు పిండి పారేసి, పండుని నెమ్మదిగా పిసికి రసాన్ని పెరుగన్నం మీదకి పిండుకోవాలి. సొన మూతికి తగిలితే పొక్కుతుంది, పెరుగులో పడితే ఘాటు వాసన వేస్తుంది. అందుకే తినేముందు పండ్లని అరగంట నీళ్లలో వేసి ఉంచితే మంచిది.

బంగినపల్లికి పీచు లేదు కాబట్టి చెక్కు తీసి ముక్కలు కోసుకోవాలి. ముక్కలు పెద్దవిగా ఉండాలి, బొటనవేలి కొసంత. సన్నగా తరిగితే పెరుగులో కలిసిపోయి రుచి తేలదు.

ఒక కప్పు పెరుగన్నానికి అర పండు. ఉప్పు చిటికెడు మించొద్దు. అసలు వెయ్యకపోతే పండు తీపి పైపైన ఉండిపోతుంది, చిటికెడు వేస్తే తీపి నిండుగా తెలుస్తుంది. మొత్తం పండు ఒకేసారి కలిపేయకుండా ముద్దకొక ముక్క చొప్పున తినండి. అన్నం, పెరుగు, పండు మూడూ విడివిడిగా తగలాలి, అందులోనే ఉంది మజా.

కొత్తకాపు

అనాసపండు ముక్కలు కలిపిన పెరుగన్నం అరగంటకి చేదెక్కుతోంది, నీళ్లు కూడా విడుస్తోంది. దానిమ్మ, ద్రాక్ష వేస్తే ఏమీ కావట్లేదు. పండు పచ్చిదై ఉంటుందా?

కవ్వం

పచ్చిదనం కాదండీ. అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది పాల ప్రొటీన్‌ని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్లో కొన్ని చేదుగా ఉంటాయి. ప్రొటీన్ విరిగితే పెరుగు కట్టు వదిలి నీరు కారుతుంది. పండు ఎంత తియ్యగా పండినా ఇది తప్పదు.

దీనికి మందు వేడి. అనాస ముక్కలు ఒక కప్పు, పంచదార ఒక చెంచా, నీళ్లు రెండు చెంచాలు వేసి ఉడుకు పట్టాక మూడు, నాలుగు నిమిషాలు ఉంచండి. ముక్క లోపలి వరకూ వేడెక్కాలి, పైపైన వెచ్చబెడితే ఎంజైమ్ చావదు. పూర్తిగా చల్లార్చి కలపండి. సాయంత్రం వరకూ చేదు రాదు. డబ్బాలో అమ్మే అనాస ముక్కలు ముందే వేడి చేసినవే కాబట్టి నేరుగా వేసుకోవచ్చు.

కివీ, బొప్పాయి కూడా ఇదే బాపతు. దానిమ్మ, ద్రాక్షలో ఈ తగాదా లేదు. కాకపోతే దానిమ్మ గింజలు ముందే కలిపితే పెరుగు గులాబీ రంగుకి తిరుగుతుంది, తినేటప్పుడు పైన చల్లుకోండి.

ఇంకొకటి. పచ్చి అల్లంలోనూ అలాంటి ఎంజైమే ఉంది. పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేసి పొద్దున్నే కలిపి పెట్టే అన్నంలో పచ్చి అల్లం తురుము వేస్తే పాలు ముందే విరుగుతాయి. అల్లం వేసుకునేవాళ్లు తాలింపులో వేయించి వేసుకోవాలి.

చక్కెరకేళి

అరటిపండుకి నా ఓటు. చక్కెరకేళి అయితే తొక్క మీద నల్లమచ్చలు పడ్డాక వాడాలి. మచ్చ పడని పండులో వగరు మిగిలి ఉంటుంది, ఆ వగరు పెరుగుతో కలిస్తే నాలుక గరగరలాడుతుంది. ఒక కప్పు పెరుగన్నానికి చిన్నపండు ఒకటి, చేత్తో నలిపి కలుపుకోవాలి. ఉప్పు వద్దు. కర్పూర అరటి అయితే నలపకుండా చక్రాలుగా కోసుకోండి. అందులో చిన్న పులుపుంది, ముక్కగా తగిలితేనే అందం.

కలిపిన పది నిమిషాల్లో తినేయాలి. గాలి తగిలితే పండు నల్లబడుతుంది. పెరుగులోని పులుపు కొంత ఆపుతుంది కానీ పూర్తిగా ఆపదు.

ఉట్టిచట్టి

బెల్లం?

చక్కెరకేళి

ముద్దబెల్లం శనగగింజంత ముక్కలు, ముద్దకొకటి. కరిగించి కలిపితే మొత్తం ఒకటే తీపి అయిపోతుంది, నంజుడు అనిపించుకోదు. ఇంకో జాగ్రత్త: మెతుకు గారు చెప్పినట్టు వేడి అన్నంలో పాలు పోసే పద్ధతిలో బెల్లం ఆ వేడి మీద వెయ్యకండి. బెల్లంలో ఉండే పులుపుకి వేడి పాలు విరిగిపోతాయి, పరమాన్నంలో జరిగేది ఇదే. పెరుగు తోడుకున్నాక వేస్తే భయం లేదు.

చల్లకుండ

తీపి గురించే అయ్యింది. పులిసిన పెరుగున్న రోజు ఏం చెయ్యాలో నేను రాస్తాను. ఆ రోజుకి ఊరమిరపకాయని మించింది లేదు. కొనేవాటిలో ఉప్పు విపరీతంగా ఉంటుంది కాబట్టి పెట్టుకోవడమే మేలు.

పచ్చిమిరపకాయలు ఒక కిలో, మధ్యరకం కారంవి, తోలు మందంగా ఉన్నవి. కడిగి, తడి పూర్తిగా ఆరాక, తొడిమ ఉంచి ఒక పక్క మాత్రమే గాటు పెట్టాలి. కొస దాకా చీలిస్తే గింజలన్నీ మజ్జిగలో పడతాయి. బాగా పులిసిన చిక్కటి మజ్జిగ లీటరుంపావు, కల్లుప్పు 120 గ్రాములు, ఇష్టమైతే వాము ఒక చెంచా. కాయలు మునిగేలా పైన బరువు పెట్టి రెండు రోజులు ఊరనివ్వాలి. తేలిన కాయకి బూజు పడుతుంది, బరువు అందుకే.

మూడో రోజు నుంచి పగలు కాయలు తీసి ఎండలో, రాత్రి మళ్లీ అదే మజ్జిగలో. మజ్జిగ గిన్నె కూడా ఎండలో పెట్టండి. మూడు రోజులకి మజ్జిగంతా కాయలు పీల్చుకుంటాయి. ఆ తర్వాత నాలుగైదు రోజులు గట్టి ఎండ. గుప్పెట్లో పట్టి ఊపితే గలగలమనాలి. మెత్తగా వంగితే లోపల తడి ఉన్నట్టే, డబ్బాలో పెడితే నెలకే బూజు.

వేయించేటప్పుడు నూనె పొగలు రానివ్వకండి. సన్నటి మంట మీద, కదుపుతూ, గోధుమరంగు దాటి ముదురు రంగు రాగానే తీసేయాలి. బాగా కాగిన నూనెలో పడేస్తే బయట మాడి, లోపల పచ్చిగా ఉండి, ఘాటెక్కి ఇల్లంతా దగ్గులు. తీసిన నిమిషానికి కరకరలాడుతుంది. అప్పుడు రెండు కాయలు నలిపి, వేయించిన నూనె అర చెంచాతో సహా ఒక కప్పు పుల్లటి పెరుగన్నంలో కలపండి. అన్నంలో ఉప్పు వెయ్యొద్దు, కాయలో ఉన్నది సరిపోతుంది.

కారం ఇంత ఉన్నా నోరు మండకపోవడానికి కారణం పెరుగే. మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది, పాల ప్రొటీన్ దాన్ని పట్టుకుంటుంది. వెన్న తీసిన పల్చటి మజ్జిగన్నంలో ఇదే కాయ తింటే మంట ఎక్కువగా తెలుస్తుంది.

సర్వపిండి

మా దిక్కు అన్నం ఒక్కటే కాదు, జొన్న గట్కల, అంటే ఉడికిన జొన్నరవ్వల, సల్ల (మజ్జిగ) పోస్కొని తింటరు. అది కూడా ఈ లెక్కలకే వస్తది గనుక రాస్తున్న.

జొన్నరవ్వ ఒక గిలాస. ముందుగాల ఒక గిలాస సల్లటి నీళ్లల్ల నానేసి పక్కకు పెట్టాలె. ఇంకో మూడు గిలాసల నీళ్లు మసిలినంక నానిన రవ్వ నీళ్లతోటి సహా పొయ్యాలె. పొడి రవ్వ మసిలే నీళ్లల్ల పోస్తే ఉండలు గడ్తది, లోపల పిండి ఉడకదు. సన్న మంట మీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు, నడుమ నడుమ కలుపాలె. పూర్తిగ సల్లారినంకనే సల్ల పొయ్యాలె. పుల్లటి సల్ల ఒక గిలాస, ఉప్పు, పచ్చి ఉల్లిగడ్డ దంచినట్టు చితక్కొట్టింది, పచ్చిమిరపకాయ. కత్తితోటి కోసిన ఉల్లిగడ్డ కన్న చితక్కొట్టిందాంట్ల ఘాటు ఎక్కువుంటది.

దీంట్లకు తీపి కలువది. జొన్నల వగరు, సల్ల పులుపు రెండూ కలిసినప్పుడు ఉప్పు, ఘాటే కావాలె. చింతకాయ తొక్కు అసలే వద్దు, పులుపు మీద పులుపు. పండుమిరప తొక్కు అయితే మంచిగుంటది.

తొరక

సర్వపిండి గారూ, పులుపు మీద పులుపు వద్దన్నమాట నూటికి నూరుపాళ్లు నిజం. ఆవకాయ విషయంలోనూ అంతే. కొత్త ఆవకాయలో ముక్క పులుపు, ఆవఘాటు రెండూ దంచేస్తుంటాయి. దానికి పుల్లపెరుగు జతచేస్తే పళ్లు పులుస్తాయి. కొత్తావకాయకి పెరుగు కాదు, మీగడ. వేడన్నం ఒక కప్పు, ఆవకాయ పిండి ఒక చెంచా, పెరుగు మీద గట్టిగా కట్టిన మీగడ ఒకటిన్నర చెంచా. నూనె, నెయ్యి ఇంకేం వద్దు. మీగడ ఆ రోజుదే అయ్యుండాలి. వెన్న తియ్యడానికి వారం రోజులు దాచిన మీగడకి ముక్కిన వాసన ఉంటుంది, ఆవకాయ దాన్ని దాచలేదు.

ఇదే సూత్రం మీద ఉలవచారు–మీగడ. ఉలవలు పావుకిలో రాత్రి నానబెట్టి, రెండున్నర లీటర్ల నీళ్లతో కుక్కరులో ముప్పావుగంట. కట్టు వార్చి, నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు, కారం, పసుపు వేసి అరగంట నుంచి నలభై నిమిషాలు సన్నటి సెగ మీద మరగాలి. గరిటె వెనక పూత నిలబడితే చాలు, ఇంకా మరిగిస్తే చల్లారాక ముద్దవుతుంది. ఉలవలు పారేయకండి, తాలింపు వేస్తే గుగ్గిళ్లు.

మీగడ ఎప్పుడూ విస్తట్లోనే, అన్నంలో చారు కలిపాక. పొయ్యి మీద మరుగుతున్న చారులో వేస్తే చింతపండు పులుపుకి, వేడికి విరిగి తెల్లటి పలుకులు తేలతాయి.

రసాలతోట

ఆవకాయ కలిపిన పెరుగన్నం ముద్ద, వెంటనే మామిడిపండు ముక్క. దీని మీద మీ మాట ఏంటి తొరక గారూ? పోపులపెట్టె గారు ఇంగువతోనే వద్దన్నారు.

తొరక

ఒకే ముద్దలో వద్దు, ముద్ద తర్వాత ముక్క అయితే చాలా బాగుంటుంది. తీపి కారాన్ని అణుస్తుంది, కాబట్టి రెండో ముద్దకి నోరు మళ్లీ సిద్ధమవుతుంది. పాత ఆవకాయ వాడండి, ఘాటు తగ్గి ఉంటుంది. వెల్లుల్లి వేసిన ఆవకాయ మాత్రం పండు పక్కన నప్పదు.

పోపులపెట్టె

ముద్ద తర్వాత ముక్క అయితే నాకూ అభ్యంతరం లేదు.

కొత్తకాపు

చిప్స్, మిక్చరు సంగతి ఎవరూ చెప్పలేదు. కలిపిన రెండు నిమిషాలకే మెత్తబడుతున్నాయి.

చల్లకుండ

కలపకూడదు. పొడి వేపుడు ఏదైనా పెరుగులో తడిని లాగేసుకుంటుంది, కరకర పోతుంది. చిప్స్ పక్కన పెట్టుకుని ముద్ద మీద ఒకటి నలిపి చల్లి నోట్లో పెట్టుకోండి. గుమ్మడి వడియాలు, మినప వడియాలు కాస్త ఎక్కువసేపు ఆగుతాయి, అవి మందం. కారంబూందీ ఒక్కటే నానితే బాగుండేది. ఒక కప్పు పెరుగన్నానికి రెండు పెద్ద చెంచాలు వేసి ఐదు నిమిషాలు ఆగాలి. పది నిమిషాలైతే పిండిపిండిగా విడిపోతుంది.

కీరా వేసేవాళ్లు తురిమి, చిటికెడు ఉప్పు రాసి పది నిమిషాలుంచి, నీళ్లు గట్టిగా పిండి వెయ్యండి. ముందు కొస చిన్నముక్క రుచి చూడండి. ఒక్క చేదు కీరా చాలు, గిన్నె మొత్తం పాడు చెయ్యడానికి.

ఉట్టిచట్టి

రాత్రి మిగిలిన అన్నంలో పొద్దున్న పెరుగు కలిపి చద్దన్నం అంటున్నారు. పెరుగు పులుపు ఉంటే ఏమీ కాదని కూడా అంటున్నారు. నిజమేనా?

మెతుకు

పెరుగు ఎప్పుడు కలిపారన్నదే ముఖ్యం. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు బతికే ఉంటాయి, ఉడికినా చావవు. వట్టి అన్నం ఎండాకాలం రాత్రంతా బయట ఉంటే అవి మొలకెత్తి విషం వదులుతాయి. వాంతులు పుట్టించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు, పొద్దున్న పెరుగు కలిపినా పోదు.

తోడన్నం పద్ధతి వేరు. రాత్రి అన్నం గోరువెచ్చగా ఉండగానే, మునిగేలా కాచిన పాలు పోసి, ఒక పెద్ద చెంచా పెరుగుతో తోడు పెడతారు. తోడు బ్యాక్టీరియా లక్షల్లో ముందే దిగుతుంది, ఆమ్లం పెరిగేకొద్దీ ఆ విషపు బ్యాక్టీరియాకి చోటు దొరకదు. తోడు కలపడం ఆలస్యం చెయ్యకూడదు, అన్నం పూర్తిగా చల్లారేదాకా ఆగకూడదు. పొద్దున్న మూత తీస్తే శుభ్రమైన పెరుగు వాసన రావాలి. జిగురు సాగినా, మురుగు వాసన వచ్చినా పారేయండి. వట్టి అన్నం మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్ద వయసువాళ్లు ఉన్న ఇంట్లో అనుమానమున్న అన్నం ఎవరికీ పెట్టొద్దు.

ఉల్లిపాయ రాత్రే కోసి వేస్తే పొద్దుటికి వాసన మారుతుందనిపించేవాళ్లు, తినేముందు వేసుకోండి. రాత్రే వేసినా తోడుకోవడానికి లోటేమీ లేదు.

కొత్తకాపు

ఆఖరుగా ఒకటి. బడిపిల్లల డబ్బాలోకి, పొద్దున్న ఏడింటికి కట్టి పన్నెండున్నరకి తినేలా, మామిడిపండుతో. ఏ కొలత?

మెతుకు

వండి మెదిపిన అన్నం ఒక కప్పు, కాచి గోరువెచ్చగా ఉన్న పాలు ముప్పావు కప్పు, పెరుగు రెండు టీస్పూన్లు, ఉప్పు చిటికెడు. కట్టేటప్పుడు జారుగా, పాయసంలా ఉండాలి. గట్టిగా కడితే మధ్యాహ్నానికి ముద్ద దిగదు. ఎండాకాలం ఐదున్నర గంటల్లో సరిగ్గా తోడుకుంటుంది, పులవదు. చలికాలం పెరుగు రెండు పెద్ద చెంచాలకి పెంచండి. డబ్బా అంచు దాకా నింపకండి, అర అంగుళం వదలండి.

రసాలతోట

పండు వేరే చిన్న డబ్బాలో. బంగినపల్లి ముక్కలే పెట్టండి, రసం పండు పిల్లలు బట్టల మీద పోసుకుంటారు. గట్టిగా ఉండి వాసన వస్తున్న పండు ఎంచుకోండి, మరీ మాగితే మధ్యాహ్నానికి నీరవుతుంది. ముక్కలు పొద్దున్నే కొయ్యాలి, రాత్రి కోసినవి వద్దు. మామిడి లేని రోజుల్లో అరటిపండు ఇచ్చేటట్టయితే ఒలవకుండా అలాగే ఇవ్వండి.